బావమరిది కాపలా, తోడల్లుడి కాపలా

నేను ఒక ఇంటి కంప్యూటర్ని. బెజవాడలో ఒక చిన్న కొట్లో తలా ఒక చోటి నుంచి తెచ్చిన భాగాలు బిగించి నన్ను తయారు చేశారు. మొదట కొన్నాళ్లు గుడివాడలో పెళ్లి సంబంధాలు చూసే ఆఫీసులో పనిచేశాను. నాలో ఉన్న వరులందరూ ఆస్తిపరులూ బుద్ధిమంతులే. అంత మంచివాళ్లు బయట ఎక్కడ తిరుగుతున్నారో నాకిప్పటికీ తెలియదు.

ఆ ఆఫీసు మూతపడ్డాక పెడనలో మాణిక్యాలరావు ఇంటికి చేరాను. కలంకారీ బట్టల మీద అద్దే అచ్చులకు ఆయన నమూనాలు గీస్తాడు. వాళ్ల నాన్న చెక్కిన చెక్క అచ్చులను చెదలు తినేశాయి. అంతకుముందే వాటి ముద్రలను ఫోటోలు తీసి నాలో దాచుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆ నెమళ్లూ పూలతీగలూ నా దగ్గర తప్ప లోకంలో ఇంకెక్కడా లేవు. అంత బరువు మోయాలంటే నాకు భయంగానే ఉండేది.

ఆ వీధిలో పెరుగు తోడు ఇచ్చిపుచ్చుకున్నట్టే పెన్‌డ్రైవ్ కూడా ఇంటింటికీ తిరిగేది. భక్తి పాటలతో పాటు అందులో వైరస్ కూడా వచ్చింది. దాని వెనకే, ఇంట్లోవాళ్లు కొట్టే ప్రతి అక్షరాన్నీ బయటికి మోసే చాడీకోరు ఒకటి దిగింది. దాన్ని స్పైవేర్ అంటారు.

నేను నత్తనడక నడుస్తున్నానని విని బావమరిది సాంబయ్య ఉచితంగా దొరికే యాంటీవైరస్ ఒకటి తెచ్చి నాకు కాపలా పెట్టాడు. ఆ వారంలోనే తోడల్లుడు గోవర్ధనరావు వచ్చి ఇంకొకటి పెట్టాడు. అదీ ఉచితమే. ఊరికే వస్తే మనవాళ్లు ఫినాయిలైనా తాగుతారు. ఒకటి తీసేద్దామంటే ఎవరిది తియ్యాలి? ఎవరిది తీసినా అత్తారింట్లో అలకే. అందుకని మాణిక్యాలరావు రెండూ ఉంచేశాడు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా. అవి ఒకదాన్నొకటి దొంగనుకుని కొట్టుకుంటుంటే, అసలు దొంగలు నా నట్టింట్లో తిరిగారు.

ఒక ఉదయం నమూనాల ఫోల్డర్ తెరిస్తే ఖాళీగా కనిపించింది.

"నాన్న చేతిపనంతా పోయిందే, భ్రమరా" అన్నాడు మాణిక్యాలరావు భార్యతో. ఆయన ముఖం చూడలేకపోయాను. రిపేరు కొట్టతను ఫోన్లో, మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించుకోమన్నాడు. ఈయన సరేనన్నాడు. అవి పోలేదు, వైరస్ వాటిని కనబడకుండా దాచిందంతే. అది నాకు తెలుసు. చెప్పడానికి నోరేదీ?

భ్రమరాంబ కుర్చీ లాక్కుంది. "తుడవటానికేవుందండీ, ఎప్పుడైనా తుడవచ్చు. ముందు ఇదేం చెప్తందో నన్ను చదవనీండి."

మగవాళ్లు చదవకుండా ఓకే నొక్కేసే మాటలన్నీ ఆవిడ తీరిగ్గా చదివింది. నాతోపాటే వచ్చిన కాపలా ఒకటి నాలోనే ఉందనీ, బయటి కాపలాలను చూసి అది పక్కకు తప్పుకుందనీ అక్కడే రాసి ఉంది. చుట్టాలవి రెండూ తీసేసింది. ఇంటి కాపలాను లేపి, అప్‌డేట్ చేసి, మూలమూలా వెతికించింది. దొంగలిద్దరూ దొరికారు. పైసా ఖర్చు కాలేదు. దాచిన ఫైళ్లను చూపించమని నొక్కగానే నెమళ్లు వరసగా బయటికొచ్చాయి.

"ఉన్నాయే" అంటూ మాణిక్యాలరావు నేలమీద కూలబడి ఏడ్చాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, "మరి మీ తమ్ముడు అడిగితే?" అన్నాడు.

"నీదే ఉంచాం, బావది తీసేశాం అంటా."

"గోవర్ధనం అన్నయ్య అడిగితే?"

"ఆయనకీ అదే చెప్తా."

ఇప్పుడు ఏ పెన్‌డ్రైవ్ వచ్చినా ముందు నా చేత సోదా చేయించాకే తెరుస్తున్నారు. భ్రమరాంబ నమూనాలన్నిటికీ నకలు తీసి, వేరే డిస్కులో పెట్టి, బీరువాలో పట్టుచీరల మధ్య దాచింది. నేను పాతబడ్డాను, నా ఫ్యాను మూలుగుతోంది. ఇదివరకు అది మూలిగినప్పుడల్లా, ఆ తండ్రి చేతిపనంతా నాతోనే పోతుందని హడలిపోయేదాన్ని. ఇవాళ పాత సామాన్లవాడు వీధిలో కేకేసుకుంటూ వెళ్తున్నా నిశ్చింతగా ఉన్నాను. నేను పోయినా ఆ పూలు పోవు.