వంతెన అవతల

అవతలి గట్టు నుంచి తుపాకి పేలింది. తెర ఎర్రబడి, ఆకాశం పక్కకు ఒరిగిపోయింది.

"మళ్ళీ చచ్చావక్కా," అన్నాడు తమ్ముడు మంచం మీంచి. నవ్వబోయి దగ్గులో పడ్డాడు.

ఆమె మౌసు వదిలి వెళ్ళి వీపు రాసింది. చొక్కా కింద ఎముకలు చేతికి తగిలాయి. ఊపిరితిత్తులకు ఇక చేయగలిగిందేమీ లేదని ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. బస్సులో టికెట్లు కొడుతూ రోజంతా అరిచిన వాడి గొంతు ఇప్పుడు పక్కగదికి కూడా వినిపించదు. వచ్చాక వాడు అడిగింది ఒక్కటే: అటక మీది పాత కంప్యూటరు దింపి ఆ గుర్రాల ఆట పెట్టమని.

చిన్నప్పుడు దానికోసం ఇద్దరూ జుట్లు పట్టుకునేవారు. ఎండిన నేల, చెక్క ఇళ్ళు, గుర్రాలు, బందిపోట్లు. ఆడే మనిషి ముఖం ఎక్కడా కనిపించదు. తెర అడుగున తుపాకి పట్టిన రెండు చేతులు, అంతే. అవి తన చేతులేనని ఆమె నమ్మేది. గురి ఆమెది, గోల వాడిది. చివర్లో వచ్చే వంతెనను మాత్రం ఎన్నడూ దాటలేకపోయారు. ఈలోగా అమ్మ మంచాన పడింది. ఆమె లాండ్రీలో పనికి చేరింది. ఆటా, ఆమె పెళ్ళి మాటా ఒకేసారి అటకెక్కాయి.

తెర మళ్ళీ వెలిగింది. వంతెన ముందు, కొయ్యకు కట్టిన గుర్రం.

"ఇంకొక్కసారి ఆడు."

"పనికి టైమైందిరా. సాయంత్రం చూద్దాం. నేనొచ్చేదాకా ముట్టుకోకు, నీ గురికి గుర్రం పోతుంది."

కంప్యూటరు ఆపబోతే వాడు చేయి ఊపాడు. "ఉండనీ. దాన్నే చూస్తూ పడుంటా."

పక్కింటావిడకు తాళంచెవి ఇచ్చి, ఓ కన్నేసి ఉంచమని చెప్పి వెళ్ళింది.

ఆసుపత్రి లాండ్రీలో ఆమెది దుప్పట్ల ఇస్త్రీ. వేడి రోలరు ముందు ఇద్దరు నిలబడి, దుప్పటికి చెరో కొస పట్టుకుని లోపలికి అందించాలి. ఆవిరికి కళ్ళు మండుతాయి. వేళ్ళ కొసలకు స్పర్శ పోయి చాలా కాలమైంది. ఏ దుప్పటి మీద ఎవరు లేచి కూర్చున్నారో, ఎవరు పోయారో ఉతికాక తెలియదు. ఇన్నేళ్ళలో ఆమె ఎవరినీ అడగనూ లేదు.

మధ్యాహ్నం ఒక దుప్పటి నడుమ జారి వేలాడింది. దాని కిందుగా అవతలి నేల కనిపించి ఆమె ఆగిపోయింది. వంతెన మీంచే ఎందుకు పోవాలి? కింద వాగు ఎండిపోయే ఉందిగా!

"ఏంటే, నీలో నువ్వే నవ్వుకుంటున్నావ్?" అంది రెండో కొస పట్టుకున్నావిడ.

"దారి దొరికిందే."

"ఎక్కడికి?"

"ముందు మావాడికి చెప్పాలి."

పని దిగగానే టీ కూడా తాగకుండా బయల్దేరింది. వీధి మలుపులోనే పక్కింటావిడ ఎదురొచ్చింది. ఆవిడ నోరు తెరవకముందే ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

"ఇందాకే నీళ్ళు తాగాడమ్మా. గుర్రం తోక ఊపుతోంది చూడు పిన్నీ అన్నాడు. గ్లాసు లోపల పెట్టి వచ్చేసరికి..." ఆవిడ కళ్ళొత్తుకుని, శ్మశానం బండి కోసం ఫోను తీసింది.

ఇంట్లో వాడు తెరవైపే తిరిగి ఉన్నాడు. ఆమె వాడి కళ్ళు మూసింది. దుప్పటి నాలుగు కొసలూ సరిచేసింది. ఏడుపు రాలేదు. బండి వచ్చేదాకా ఏం చేయాలో తోచక కుర్చీలో కూర్చుని మౌసు అందుకుంది.

గుర్రాన్ని అక్కడే వదిలి, గట్టు జారి వాగులోకి దిగింది. పైన చెక్కల సందుల్లో బందిపోట్ల బూట్లు కదులుతున్నాయి. ఒక్కడూ కిందికి చూడలేదు. ఒక్క తూటా పేలకుండా ఆవలి గట్టెక్కింది. అక్కడా అదే వీధి, అవే చెక్క ఇళ్ళు, మూసిన తలుపులు. ఎవరూ ఎదురురాలేదు. కాసేపటికి తెర నల్లబడి, ఆట తయారుచేసినవాళ్ళ పేర్లు పైకి పాకసాగాయి.

"దాటేశాంరా," అంది, వెనక్కి తిరగకుండా.

బండి వచ్చింది. ఇద్దరు మనుషులు వాణ్ణి ఎత్తుతుంటే తలకున్న ఉన్ని టోపీ జారి పడింది. ఎవరూ చూసుకోలేదు. లోపల ఇంకా తల ఉన్నట్టే కాస్త ఉబ్బి, మంచం కోడు పక్కన అది అలాగే ఉండిపోయింది.