తీసుకోని బంటు

ఆపరేషన్ గదిలోకి వెళ్ళే ముందు మా ఆవిడ మాతో చెప్పింది ప్రేమ మాటేమీ కాదు. చక్రాల మంచం మీద పడుకుని, తల తిప్పి నన్నూ వాళ్ళ నాన్ననీ మార్చి మార్చి చూసి హుకుం జారీ చేసింది.

"నాన్నా, చదరంగంలో తెల్లవి నీకొస్తే గాంబిట్టే ఆడాలి. ఏమండీ, మీకొస్తే మీరు మీ కోటే కట్టుకోవాలి. ఇవాళ ఎవరూ ఏదీ మార్చకండి. బయటికొచ్చాక ఎవరు గెలిచారో నాకు చెప్పాలి."

నర్సు మంచాన్ని లోపలికి తోసింది. తలుపులు రెండుసార్లు ఊగి ఆగిపోయాయి. చెప్తాను సరే, నువ్వు అడగగలగాలి కదా అని నేను లోపల్లోపల అనుకున్నాను.

మా భయమంతా అదే. తలలో ఉన్న గడ్డ మాటలు పుట్టే చోటుకి ఆనుకుని ఉందని పెద్ద డాక్టరు ముందే చెప్పాడు. గడ్డ తీసేస్తామన్నాడు, ప్రాణానికి ఫరవాలేదన్నాడు. మాట మాత్రం ఎలా ఉంటుందో మెలకువ వచ్చాకే తెలుస్తుందన్నాడు. మా ఆవిడది బస్ స్టేషన్లో టికెట్ కౌంటరు ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అద్దం వెనక కూర్చుని ఊరి పేర్లు, చిల్లర గొడవలు, వెటకారాలు. ఇంటికొచ్చాక మిగిలినవి మా మీద. ఆ నోరు మూగబోతే ఇల్లెలా ఉంటుందో ఊహించుకుందామంటే నా బుర్ర మొరాయించింది.

నాది లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం. తాడు అరుగుతుందేమో, బ్రేకు జారుతుందేమో అని అందరికంటే ముందు భయపడినందుకు నాకు జీతమిస్తారు. కాబట్టి భయపడటంలో నాకు అనుభవం ఉంది. కానీ అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆ అనుభవం దేనికీ పనికిరాలేదు. వరండా చివర లిఫ్టు దిగిన ప్రతిసారీ కీచుమంటోంది. లిఫ్టు నడిచే గైడు పట్టాకి నూనె లేదు. మామూలు రోజైతే ఆ చప్పుడుకి ఒళ్ళు మండేది. ఆ రోజు మాత్రం, పోనీలే, నాకు తెలిసిన జబ్బు ఒకటైనా ఈ బిల్డింగులో ఉంది అనిపించింది.

"వెళ్ళి చూసొస్తాను," అని లేచాను. మామయ్య తలూపారు. ఆయన ఒళ్ళో జేబు చదరంగం ఉంది. అడుగున అయస్కాంతాలున్న చిన్న చిన్న పావులది. ఇంకా తెరవలేదు.

మా ఇంట్లో చదరంగం ఆడని వాళ్ళు లేరు. ఒకరి ఓపెనింగ్, అంటే ఆట మొదలుపెట్టే తీరు, ఇంకొకరికి నచ్చకపోవడమే మాకు కాలక్షేపం. నేను మంత్రి ముందు బంటును రెండు గళ్ళు తోసి, శకటును బయటికి తెచ్చి, వెనకాల తలుపు గడియ వేసినట్టు చిన్న బంట్లు ఒక్కొక్క గడి పేర్చుకుంటాను. ఎదుటివాళ్ళు ఏం ఆడినా నాది అదే ఇల్లు. దాన్ని మా వాళ్ళు నిద్రమాత్ర అంటారు. అననీండి. మొదటి కొన్ని ఎత్తులైనా కడుపులో తిప్పకుండా గడిచిపోతాయి. అంతకంటే సుఖం ఏముంటుందో నాకు తెలీదు.

మామయ్య ఫైరింజన్ నడిపి రిటైరయిన మనిషి. ఆయన రాజు ముందు బంటును రెండు గళ్ళు తోస్తారు. మనమూ మన రాజు బంటును ఎదురు తొయ్యాలి, లేకపోతే అలుగుతారు. వెంటనే పక్కనున్న శకటు ముందు బంటును మన నోటి ముందుకి తోసి, తీసుకోమన్నట్టు మీసం దువ్వుతారు. అదే గాంబిట్. తీసుకోకపోతే ఇంకా అలుగుతారు. అందుకని నేనెప్పుడూ తీసుకుంటాను. "నువ్వు దాన్ని నమిలి మింగేలోపు నా గుర్రాలు నీ గుమ్మంలో ఉంటాయి," అంటారు. నిజంగానే ఉంటాయి. ఏదో ఒకటి వదులుకోకుండా తలుపు తెరుచుకోదని ఆయన నమ్మకం. మంటల్లోకి తలుపులు పగలగొట్టుకు వెళ్ళిన మనుషులతో తిరిగిన ఆయనకి అది సరదా, నాకు గుండెదడ.

మా ఆవిడ నల్లవి తీసుకుంటుంది. గుర్రం ముందు బంటును ఒక్క గడి జరిపి, ఆ సందులో శకటును కూర్చోబెడుతుంది. అక్కణ్ణుంచి మూల నుంచి మూలకి బల్లంతా కనిపిస్తుంది. రోజంతా కిటికీ వెనకే కదా, ఇక్కడ కూడానా అని ఏడిపిస్తే, "కిటికీలో కూర్చుంటే అందరి గుట్టూ తెలుస్తుంది," అంటుంది. మధ్యలో మేమిద్దరం పోగేసుకున్నదంతా ఆ మూల శకటు ఎప్పుడో ఒకప్పుడు ఊడ్చుకుపోతుంది.

ఇలా ఆడీ ఆడీ మాకొక అలవాటు పట్టుకుంది. మొదటి ఎత్తు చూసి మనిషికి ఒంట్లో ఎలా ఉందో చెప్పేస్తాం. ఒకసారి మామయ్య గాంబిట్ మానేసి మంత్రి బంటు తోశారు. మా ఆవిడ బల్ల మీదుగా చెయ్యి చాచి ఆయన నుదురు పట్టుకు చూసింది. ఒళ్ళు కాలిపోతోంది. నెలయ్యేదాకా ఆయన మంచం దిగలేదు.

లిఫ్టు దగ్గర్నుంచి తిరిగొస్తుంటే, ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న కుర్ర డాక్టరొకడు మామయ్య ముందు వంగి ఏదో మాట్లాడుతున్నాడు. నన్ను చూడగానే మామయ్య తల దించుకున్నారు. డాక్టరు ఆయన భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఏమన్నాడని అడిగాను. ఏం లేదన్నారు. ఆ "ఏం లేదు" చాలా తొందరగా వచ్చింది.

ఆయన బోర్డు తెరిచి పావులు సర్దారు. తెల్లవి ఆయనవే. మంత్రి ముందు బంటును పట్టుకుని రెండు గళ్ళు తోశారు.

చెయ్యి పొరపాటున అటు వెళ్ళిందేమో అనుకున్నాను. నేనూ నా మంత్రి బంటును ఎదురు తోశాను. ఆయన శకటును బయటికి తెచ్చారు. ఆ వెనకే చిన్న బంటు, గడియ వేసినట్టు. నా కోట. నేను ఏళ్ళ తరబడి కట్టుకుంటున్న ఇంటిని ఆయన నా కళ్ళముందే ఇటుక మీద ఇటుక పేరుస్తున్నారు. జ్వరం నాటి మొదటి ఎత్తు గుర్తొచ్చింది. ఈసారి జ్వరం ఎవరిదో నాకు తెలుసు.

కూతురు అంత గట్టిగా చెప్పినా గాంబిట్ ఆడలేదంటే డాక్టరు ఏదో చెప్పే ఉంటాడు. లోపల ఏదో జరిగే ఉంటుంది. రక్తం ఆగలేదా, మాట పోయిందా, ఇంకా పెద్దదా? అడిగితే తెలిసిపోతుంది, అడక్కపోతే ఇంకాసేపు తెలియకుండా ఉంటుంది. నేను రెండోదే ఎంచుకున్నాను. కళ్ళు ఆపరేషన్ గది తలుపు మీద పెట్టి, చేతులు వాటి దారిన అవి ఆడుతుంటే వదిలేశాను. నా ఓపెనింగ్‌తో వచ్చిన చిక్కు అదే. చెయ్యి చూడకుండానే ఆడేస్తుంది.

ఆయన మంత్రిని పక్కకి జరిపి మూలనున్న నా ఏనుగు పక్క బంటు మీద గురిపెట్టారు. నేను చూసుకోకుండా అలవాటు ప్రకారం గుర్రాన్ని బయటికి తెచ్చాను. చెయ్యి తీశాక చూస్తే బంటు దిక్కు లేకుండా నిలబడి ఉంది. అది పోతే దాని వెనకాల ఏనుగు మెడ మీదికొస్తుంది. చేజేతులా చేసుకున్నాను.

మామయ్య చూశారు. చెయ్యి ముందుకొచ్చింది. బంటు దాకా వచ్చి, గాల్లో ఆగి, వెనక్కి వెళ్ళిపోయింది. పనికిరాని అంచు బంటునొకదాన్ని ఒక్క గడి జరిపి ఊరుకున్నారు.

పెళ్ళయిన కొత్తలో, మొహమాటానికి కూడా, ఈయన నాకు ఒక్క బంటు వదల్లేదు. ఇప్పుడు జాలిపడుతున్నారు. ఎవరి మీద జాలిపడతారు? ఏదో పోగొట్టుకున్నవాడి మీద. ఇంక తట్టుకోలేకపోయాను.

"డాక్టరు ఏమన్నాడో చెప్పండి మామయ్యా. ఏదైనా సరే."

ఆయన అయోమయంగా చూశారు. తర్వాత అర్థమైంది.

"అయ్యో, అతనా? అతను పిల్లల వార్డు డాక్టరు. మనకేం సంబంధం లేదు. ఒళ్ళో చదరంగం చూసి ఆగాడు. మీకు ఏ ఓపెనింగ్ ఇష్టమండీ అని అడిగాడు. చెబుదామంటే అమ్మాయి గుర్తొచ్చింది. ఏడుస్తానేమోనని తల దించుకున్నాను." అతను పోయిన వైపు చూస్తూ, "అతనికి ఓపెనింగులు కాదట, ఎండ్‌గేమ్, అదే ఆట ముగింపు, ఇష్టమట. ఈ పూట ఇక్కడ అనాల్సిన మాటేనా అది?" అన్నారు.

నవ్వొచ్చింది, కానీ సగంలోనే ఆగిపోయింది. మరి గాంబిట్ ఎందుకు ఆడలేదని అడిగాను. ఆయన బోర్డు మీద తన రాజు బంటును వేలితో నిమిరారు.

"చెయ్యి రాలేదు అల్లుడూ. దాంట్లో మొదట్లోనే ఒకటి ఇచ్చుకోవాలి కదా. ఇవాళ నా దగ్గర్నుంచి ఎవరూ ఏమీ తీసుకోకూడదు. ఒక్క బంటు కూడా. తీసుకుందామన్నా చెయ్యి రావట్లేదు. ఎవరిదైతేనేం, పోవడం పోవడమే కదా."

ఫైరింజన్ మీద గంట కొట్టుకుంటూ ఊరంతా తిరిగిన మనిషి. ఆ మనిషి ఒక్క బంటుకి జంకుతున్నారు. నాకు ఇంతసేపూ కోపం కూడా ఉందని అప్పుడు తెలిసింది, నేనొక్కడినే భయపడుతున్నానన్న కోపం. అది పోయింది. భయం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది, కాకపోతే ఇప్పుడు ఇద్దరిదీ.

ఎందుకు చేశానో సరిగా చెప్పలేను. పావులన్నీ మళ్ళీ సర్ది, బోర్డు తిప్పి, తెల్లవి నావైపు పెట్టుకున్నాను. రాజు ముందు బంటును రెండు గళ్ళు తోశాను. నేను ఆ బంటుతో ఆట మొదలుపెట్టడం అదే మొదలు. ఆయన అలవాటుగా ఎదురు తోశారు. శకటు ముందు బంటును పట్టుకున్నాను. దాన్ని ఆయన బంటు నోటి ముందుకి తోశాను.

"ఇవ్వాల్సిందేదో నేను ఇచ్చాను మామయ్యా. మీరు ఇవ్వక్కర్లేదు. తీసుకోండి."

ఆయన దాన్ని చూస్తూ కూర్చున్నారు. తీసుకోలేదు. నేనూ మళ్ళీ అడగలేదు. లిఫ్టు పైకెళ్ళింది, కీచుమంటూ దిగింది. బోర్డు మా ఇద్దరి మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయింది.

తలుపు తెరుచుకుని పెద్ద డాక్టరు వచ్చాడు. గడ్డ మొత్తం తీసేశామన్నాడు. మాట సంగతి అడిగితే చూద్దామన్నాడు. ఆ ఒక్క ముక్కతో మేము మళ్ళీ ముళ్ళమీద కూర్చున్నాం.

మెలకువ వచ్చిందని మమ్మల్ని పిలిచేసరికి మామయ్య బోర్డును పళ్ళెంలా పట్టుకుని, పావు కదలకుండా లోపలికి తెచ్చారు. ఎందుకు తెచ్చారని నర్సు అడిగితే ఆయనకీ తెలీదు. మా ఆవిడ తలకి కట్టు, ముఖం వాచి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెద్ద డాక్టరు పేరడిగాడు. ఆమె చూసింది. పెన్ను ఎత్తి ఇదేంటని అడిగాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ కదిలాయి. డాక్టరు ముఖంలో ఏమైనా దొరుకుతుందేమోనని వెతికాను. ఆ ముఖం మూసిన తలుపులా ఉంది.

మామయ్యకి ఏం చెయ్యాలో తోచలేదు. బోర్డును ఆమె కళ్ళముందు పెట్టి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు.

"నువ్వు చెప్పినట్టే గాంబిట్టే ఆడానమ్మా. చూడు."

ఆమె చూపు బోర్డు మీద పడింది. తెల్ల బంట్లు, నల్ల బంటు, వాటి మధ్య ఎవరూ ముట్టని నా బంటు. కనుబొమలు దగ్గరికొచ్చాయి. కౌంటరు దగ్గర ఎవడైనా చిరిగిన నోటు ఇస్తే అచ్చం అలాగే చూస్తుంది. పెదవులు తడుపుకుంది.

"అబద్ధం," అంది.

ముద్దగా, గరగరలాడుతూ వచ్చింది, కానీ వచ్చింది. ఆమె ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ తండ్రి వైపు చూసి, కళ్ళతో నన్ను చూపించింది.

"ఈయనైతే... నీ బంటు... తీసుకునేవారు."

డాక్టరుకి ఏమీ అర్థం కాలేదు. మామయ్య బోర్డును మంచం అంచున పెట్టి, అరచేత్తో ముఖం తుడుచుకుని, చెయ్యి చాచి నా బంటును తీసుకున్నారు.