చుక్క ముట్టని స్కూటరు

ఒక్క చుక్క ముట్టినవాడు కూడా ఆ ఇంటి గేటు దాటకూడదు. మద్యనిషేధ సంఘం అధ్యక్షులవారి ఆన అది. ఆయన నిప్పులాంటి మనిషి, వీధంతా నిప్పుగారనే పిలుస్తుంది. ఆ సెగ ఎంతో కాపురం చేసిన ఇల్లాలికే తెలుసు. ఆవిడ ఒక్కగానొక్క తమ్ముడు ఎప్పుడో ఒక పెళ్లిలో తూలాడు. ఆ తర్వాత మానేశాడు, ఒట్టు కూడా వేశాడు. అయినా అక్కాతమ్ముళ్ల మాటలన్నీ గేటు ఊచల మధ్యనుంచే. తల్లిలేని తమ్ముణ్ణి వంటింట్లో కూర్చోబెట్టి ఒక్కపూట అన్నం పెట్టుకోలేకపోతున్నానని ఆవిడ కుమిలిపోయేది.

ఆవేళ సంఘం సభకు బయల్దేరబోతే నిప్పుగారి పాత స్కూటరు గేటు బయట మొరాయించింది. కిక్కు కొట్టి కొట్టి ఆయన కాలు లాగేసింది. మెకానిక్కు షెడ్డు నడుపుకునే బావమరిదికి కబురు పెట్టక తప్పలేదు.

అతను వచ్చి వీధిలోనే చతికిలబడ్డాడు. ఒక సీసాలో కాసిని నీళ్లు పోసి, వాటి మట్టం దగ్గర గీత గీసి, పైన బంకు పెట్రోలు పోసి ఊపాడు. కాసేపటికి పెట్రోలు పైకి తేలింది. అడుగున నీళ్లు మాత్రం గీత దాటి పెరిగాయి. ఇప్పటి పెట్రోల్లో ఆల్కహాలు కలిపే వస్తుందని, ట్యాంకులోకి దిగిన వాన నీళ్లతో అది జతకట్టి అడుగుకు చేరిందని గేటు ఊచల అవతల నిలబడ్డ అక్కకు చెప్పాడు. కొత్త బళ్లు దాన్ని అరిగించుకుంటాయట, ఇలాంటి పాత బళ్ల రబ్బరు పైపులు మాత్రం చివికిపోతాయట.

"ఆల్కహాలంటే ఏంట్రా?" అంది అక్క. తెలియక కాదు, మొగుడికి వినపడాలని.

"సారాలో ఉండేదేనక్కా."

నిప్పుగారి మొహం మాడిపోయింది. సంఘం జెండా కట్టుకుని ఊరంతా తిరిగిన బండి మరి. చివరికి, అది తెలిసి తాగిందా ఏమిటి, పైపులు మారిస్తే సరి, ముందు లోపల పెట్టాలి అన్నాడు.

"అది రోజూ తాగుతోందండీ," అంది ఆవిడ మెల్లగా. "వీడు మానేశాడు."

ఆయన హ్యాండిలు పట్టుకుని లాగాడు. గేటు దగ్గర ఎత్తు, బండి కదల్లేదు. వెనక్కి చూడకుండానే, "ఊఁ, తొయ్యి," అన్నాడు.

తమ్ముడు ఒక్క క్షణం అక్క వంక చూసి, తోశాడు. బండి లోపలికొచ్చింది, దాని వెనకే అతనూ వచ్చాడు. నిప్పుగారు మద్యం మీద మాట్లాడటానికి సభకు నడిచి వెళ్లిపోయాడు.

తాగుబోతు బండి పుణ్యమా అని, ఆవిడ వంటింట్లో ఇంకో కంచం పెట్టింది.