కూలి దగ్గర సున్నా

నిచ్చెన మళ్ళీ బురదలో కుంగింది. దీనమ్మ కొమ్మ పట్టుకుని నిలదొక్కుకుంది. పొగమంచుకు వేళ్ళు కొయ్యబారిపోయి కత్తెర పట్టు చిక్కడం లేదు. పొద్దుటినుంచీ పట్టిన చెట్ల వరసే తెమల్లేదు, ఇంకా సగం తోట కొమ్మలు కత్తిరించాలి. పూత రాకముందే పని ముగియాలి. పియర్ చెట్టు ఎవరి కష్టం చూసీ ఆగదు.

ఆమె భర్త దైవాశీర్వాదం తోట చివర, చక్రాల మీది రేకుల గదిలాంటి ట్రైలర్‌లో మంచం మీదున్నాడు. కిందటి కోతల్లో ఇదే నిచ్చెన మీదనుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రికి వెళితే బిల్లు వస్తుందని, తోట యజమాని షాలోమ్‌గారు నూనె రాసి ప్రార్థన చేశారు. నడుం ప్రార్థనకు లొంగలేదు.

షాలోమ్‌గారు ఫ్రీమాంట్ తెలుగు చర్చి సంఘానికి పెద్ద. వీసా అయిపోయిన ఈ దంపతులను రెండేళ్ళ క్రితం చేరదీశారు. చేరదీయడమంటే ట్రైలర్‌లో చోటు, నెలకో బియ్యం బస్తా, నాలుగొందల డాలర్ల ప్రేమకానుక. జీతమనే మాట ఆయన నోట రాదు. జీతానికైతే లెక్కుంటుంది, ప్రేమకు లెక్కేమిటి? దేశంలో ఉండనిచ్చే పేపర్లు వేయిస్తానన్న మాట మాత్రం ప్రతి కోతకూ కొత్తగా చెబుతారు.

ఆ శనివారం మధ్యాహ్నం సంఘం వాళ్ళు కార్లలో వచ్చి దిగారు. పక్కనున్న ఇరవై ఎకరాల్లో కొత్త తోట వేయాలని షాలోమ్‌గారి సంకల్పం. ఒక్కో వాటా ఐదు వేల డాలర్లు. షెడ్డులో బిర్యానీ ట్రేల పక్కన తెర కట్టి ఖర్చుల అంచనా చూపిస్తున్నారు. దీనమ్మను నిచ్చెన దిగి రమ్మని కబురొచ్చింది. తోట పని దేవుడి పనేనని ఆమె సాక్ష్యం చెప్పాలి.

బురద కాళ్ళతోనే వెళ్ళి గోడవారగా నిలబడింది. తెర మీద ఎకరాకి అంటుమొక్కలకు ఆరు వేలు, కర్రలకూ తీగలకూ డ్రిప్పుకూ ఐదు వేలు. కొమ్మలు నల్లగా మాడిపోయే తెగులుకు మందులు, నీళ్ళు, ఇన్సూరెన్సు. నాలుగైదేళ్ళదాకా కాపుండదని, అన్నాళ్ళూ చేతి డబ్బు పోయాల్సిందేనని ఆయన దాచకుండా చెప్పారు. అందుకే జనానికి నమ్మకం కుదిరింది. కూలి దగ్గర మాత్రం సున్నా ఉంది. అదేమిటని ఎవరో అడిగారు.

"ఇది పరిచర్య, బ్రదర్. లేబర్ మనవాళ్ళే చేసుకుంటారు," అన్నారు షాలోమ్‌గారు.

ఆ మనవాళ్ళలో ఒకరు ముందు వరసలోనే కూర్చున్నారు. షారన్. భర్త ఉద్యోగం పోయి, వీసా గడువు ముంచుకొస్తున్న పిల్ల. కొత్త తోటలో వాళ్ళకో ట్రైలర్ ఇస్తామన్నారు, పేపర్లు కూడా వేయిస్తామన్నారు. షారన్ దీనమ్మను చూసి నవ్వింది. ఆ నవ్వు నిండా నమ్మకమే. రెండేళ్ళ క్రితం దీనమ్మ కూడా అలాగే నవ్వింది.

నాలుగు మంచి మాటలు చెబితే తన చోటుకు ఢోకా లేదు. చెప్పకపోతే మంచంలో ఉన్న మనిషిని ఎక్కడికి మోసుకుపోతుంది?

"అందరికీ వందనాలండి," అంది. షెడ్డంతా ప్రైజ్ ద లార్డ్ అంది.

"ఆ తెర మీద కూలి దగ్గర సున్నా ఉంది చూశారాండి, అది నేనేనండి. మా ఆయన నడుం కూడా అందులోనే ఉందండి. మొక్కలకి లెక్కేశారు, నీళ్ళకి లెక్కేశారు, మాకూ వెయ్యండి." ఆగి, ముందు వరసకేసి తిరిగింది. "షారనమ్మా, నువ్వు ఆ ట్రైలర్లోకి రావద్దు తల్లీ."

బిర్యానీ వడ్డిస్తున్న చేతులు ఆగిపోయాయి. షాలోమ్‌గారు తొణకలేదు. వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశారు.

"సిస్టర్ బాగా టైర్డ్ అయిపోయారు. ఆమె కోసం ప్రార్థన చేద్దాం. అందరం కళ్ళు మూసుకుందాం."

తలలన్నీ వంగాయి. ఆయన గొంతు మెత్తగా సాగింది. దీనమ్మ భుజం మీది చేతిని తీసి పక్కన పెట్టింది. కళ్ళు మూసుకోలేదు.

ముందు వరసలో షారన్ కూడా మూసుకోలేదు. షెడ్డు తలుపులోంచి బయటికి, బురదలో ఖాళీగా నిలబడ్డ నిచ్చెనకేసి చూస్తోంది.