మిగిలిపోయిన కుడి ముక్కు

ఒక ముక్కులో పొగాకు పొడి ఊది రెండోది వదిలేసేవాళ్లు మా అడవుల్లో పారే తరవాకా నది ఒడ్డున ఏ ఊళ్లోనూ ఉండరు. ఎడమలో ఊదిన మనిషే, లేవకుండా, కుడిలోనూ ఊదాలి. లేకపోతే ఊదించుకున్నవాడు సగంలో నిలబడిపోతాడు. మా ఆయన తువే రెండేళ్లు అలాగే నిలబడి ఉన్నాడు. నిలబెట్టింది మా అన్నయ్య ఇసాక.

ఇద్దరూ బావా బావమరుదులు. ఎగతాళి చేసుకోనిదే పొద్దుపోదు. ఆ రోజు వేటకి బయల్దేరే ముందు అన్నయ్య పొగాకు పొడీ బెరడు బూడిదా అరచేతిలో కలిపి, ఎముక గొట్టంలోకి ఎత్తి, తువే ఎడమ ముక్కులోకి ఊదాడు. అన్నయ్య ఊదితే మామూలుగా మనిషి వెనక్కి తూలతాడు. కళ్లు కారి, చెమటలు పట్టి, కడుపులోదంతా కక్కి, కాసేపటికి ఒళ్లూ మనసూ తేలికై లేస్తాడు. ఊదినవాడి గుణం కూడా పొడితో పాటు లోపలికి పోతుంది. అన్నయ్యని మించిన వేటగాడు లేడు కాబట్టి అందరికీ ఆయన ఊపిరే కావాలి. ఆ రోజు మాత్రం తువే తూలలేదు. కళ్లు కూడా తడవలేదు.

"ఏంటి బావా, ఊదావా, ఆవులించావా? దోమ వాలినట్టుంది!"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. అన్నయ్య గొట్టం మెడలో వేసుకుని, కుడిలో ఊదకుండానే పడవెక్కి, కింది ఊళ్లో ఉన్న పిన్ని ఇంటికి వెళ్లిపోయాడు.

అప్పట్నుంచి మా ఇంట్లో మాంసం ఉడికింది లేదు. జింక ఎదురుగా నిలబడ్డా తువే తుపాకీ చెట్టునే కొట్టేది. "నా కుడి వైపు ఇంకా నిద్రలేవలేదే" అనేవాడు. పోనీ వేరేవాళ్ల చేత ఊదించుకోమంటే ససేమిరా అన్నాడు. మొదలుపెట్టినవాడే పూర్తి చేయాలట. ఇంటినిండా అరటికాయలు, కర్రపెండలం, వేరుశనగ. నాకు ఒళ్లు మండిపోయేది. దోమ అన్నవాడి మీదా, అంత మాత్రానికే అలిగి వెళ్లినవాడి మీదా.

మొన్న ఎండాకాలం అన్నయ్య తిరిగొచ్చాడు. ఒడ్డు ఎక్కడానికి మూడుసార్లు ఆగాడు. చెయ్యి పట్టుకుంటే నా చేతికి ఎముకే తగిలింది. వల ఉయ్యాలలో కూర్చోబెట్టి మొక్కజొన్న జావ ఇచ్చాను. దగ్గు తగ్గాక మెల్లగా చెప్పాడు.

"ఈ దగ్గు అప్పుడే మొదలైందే, బతానీ. మీ ఆయన దోమ అన్నాడు చూడు, నిజమే అన్నాడు. రెండో ముక్కుకి నా దగ్గర ఊపిరి లేదు. అంతమందిలో ఆ మాట ఎలా చెప్పను?"

రెండేళ్లూ నేను అలక అనుకున్నది సిగ్గు. ఆ రోజు నేనూ నవ్వాను.

తువే గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. వచ్చి ఉయ్యాల ముందు గొంతుక్కూర్చుని మొహం పైకెత్తాడు.

"కుడిది మిగిలిపోయింది బావా."

"నా వల్ల కాదు."

"రెండేళ్లు ఆగాను. గొట్టం తియ్యి."

"నా గుణం ఇప్పుడేముంది, నీకు పట్టడానికి? దగ్గు పట్టుకుంటుంది."

"పట్టుకోనీ. మీ చెల్లెలి తిట్ల కంటే నయమే."

పొడి కలిపి గొట్టంలోకి నేనే ఎత్తి పెట్టాను. ఆయన ఊదాడు. వేడి జావ చల్లార్చుకునేటప్పుడు కూడా అంతకంటే గట్టిగా ఊదుతాం. పొడంతా తువే మోకాలి మీద రాలింది. నేను కళ్లారా చూశాను. తువే మాత్రం "అమ్మో, చంపేశావు బావా!" అంటూ వెల్లకిలా పడ్డాడు. కళ్ల వెంట నీళ్లు ధారలు కడుతున్నాయి. అవి మాత్రం నటన కాదు.

"వేషాలు చాలు, లే. మోకాలు దులుపుకో" అన్నాడు అన్నయ్య. అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గుతూనే మళ్లీ నవ్వాడు. తర్వాత మెడలోంచి గొట్టం తీసి తువే వైపు చాపాడు.

"ఇక పూర్తయింది. ఇది నువ్వు ఉంచుకో. నాకింక పనేం లేదు."

ఇక తను పోవచ్చు అంటున్నాడని తువేకీ నాకూ అర్థమైంది. తువే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఎక్కడ పూర్తయింది? ఎడమది రెండేళ్ల నాటిది. ఎప్పుడో కారిపోయింది. అది మళ్లీ ఊదాలి."

"అయితే ఇలా రా, ఊదేస్తాను."

"ఇప్పుడొద్దు. ఆయాసపడుతున్నావు. రేపు."

అన్నయ్య చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గొట్టం మళ్లీ మెడలో వేసుకున్నాడు.

మర్నాడు ఎడమది ఊదాడు. తీరా ఊదాక, కుడిది నిన్నటిది కాబట్టి లెక్కలోకి రాదన్నాడు తువే. అది ఆ మర్నాటికి పెట్టాడు. ఒక్క కూర్చోవడంలో రెండూ అవ్వాలి కదయ్యా అనే మాట నోటిదాకా వస్తే, మింగేశాను.

వానలు మొదలయ్యాయి. తువే ఇప్పటికీ వేటకి వెళ్లి ఒక పిట్టతోనో, ఉత్త చేతులతోనో వస్తాడు. నేను పల్లెత్తు మాట అనను. అన్నయ్య పొద్దున్నే ఉయ్యాలలోంచి అడుగుతాడు.

"ఇవాళ ఏ ముక్కు బావా?"

ఇవాళ ఎడమది అయింది. కుడిది ఇంకా మిగిలే ఉంది.