మూతకి పట్టిన చెమట

వేడి చారు గిన్నె మీద మూత పెడితే లోపల చెమట పడుతుంది. ఇది తెలుసుకోవడానికి విశ్వవిద్యాలయంలో చదవక్కర్లేదు. అయినా ఎనిమిదేళ్లపాటు రోజూ పొద్దున్నే మా అబ్బాయి కొహెయ్ పేర పెట్టిన పళ్లెం ముందు కూర్చుని, మిసో చారు గిన్నె మూత ఎత్తి, లోపల నీటిబొట్లు ఉన్నాయో లేదో చూసుకునేదాన్ని. ఉంటే వాడు ఎక్కడో క్షేమంగా ఉన్నట్టు. దూరం వెళ్లినవాళ్లకి ఇంట్లో ఇలా పళ్లెం పెట్టడం మా అత్తగారు నేర్పింది. ఆవిడ పెట్టినప్పుడల్లా మా మామగారు సముద్రం మీంచి తిరిగొచ్చేవారు.

కొహెయ్ ఎక్కిన చేపల పడవ చలికాలంలో పడమటి సముద్రంలో మునిగింది. ఒక్క శవమూ దొరకలేదు. బొన్ అంటే పోయినవాళ్లు ఏటా ఇంటికొచ్చి వెళ్లే పండగ. మా నాగసాకిలో మనిషి పోయాక వచ్చే మొదటి బొన్‌కి ఆ ఇంటివాళ్లు ఒక పడవ కట్టి, అందులో ఆత్మని కూర్చోబెట్టి, టపాకాయలు కాలుస్తూ రేవుదాకా సాగనంపుతారు. ఆ ఏడు మా మెట్లవీధిలో కొడుకులు పోయిన ఇళ్లన్నీ పడవలు కట్టాయి. నేను కట్టలేదు. పడవ కట్టడమంటే, వాడు పోయాడని ఊరందరి ముందూ ఒప్పుకోవడమే. తలుపులు వేసుకుని లోపల కూర్చున్నాను.

పక్కింటి ఫుసాయే కొడుకు నవొకి కూడా అదే పడవలో పోయాడు. వాడూ మావాడూ ఒకే కంచంలో తిని పెరిగారు. పడవలు వెళ్లిన మర్నాడు ఫుసాయే మా గుమ్మం ముందు నిలబడి, "నీ మొండితనం వల్ల నీ కొడుకు దారీతెన్నూ లేకుండా తిరుగుతున్నాడే, తొమియే" అంది. "నీ కొడుకుని పంపేసుకున్నావుగా, నా కొడుకు జోలికి రాకు" అన్నాను. అప్పట్నించీ మాటల్లేవు. రెండిళ్లకీ నడుమ ఒక్క గోడే. ఆవిడ దగ్గితే నాకు వినిపిస్తుంది.

కిందటి సెప్టెంబరు చివర్లో విశ్వవిద్యాలయం నుంచి ఫోను వచ్చింది. మార్పిడి చదువుకి ఏడాదిపాటు వచ్చిన అమ్మాయికి హాస్టల్లో చోటు లేదట, మీ మేడగది ఇస్తారా అని. ఎవరైతే నాకేం, ఇల్లు ఊడ్చుకునే పిల్లయితే చాలన్నాను. మర్నాడు మెట్లన్నీ ఎక్కి రొప్పుతూ వచ్చింది సొలొంగో. మంగోలియా పిల్ల. బుగ్గలు ఎర్రగా, పెట్టె తనకంటే పెద్దగా. ఏం చదువుతావమ్మా అంటే చేపల పెంపకం అంది.

"మీ దేశంలో సముద్రం ఉందా?"

"లేదు పెద్దమ్మా."

"మరి చేపలతో నీకేం పని?"

"లేదు కాబట్టే కదా ఇంత దూరం వచ్చింది" అంది. పొగరుబోతు పిల్ల అనుకున్నాను. నచ్చింది.

మూడోనాడో నాలుగోనాడో నేను పెరట్లో బట్టలు ఆరేసి వచ్చేసరికి, కొహెయ్ పళ్లెం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, వాడి చారు జుర్రుతోంది. అన్నం అప్పటికే అయిపోయింది.

"ఎవరి తిండే అది? ఎవరడిగారు నిన్ను?"

గిన్నె చేతిలో పట్టుకుని బిక్కచచ్చిపోయింది. "నాకే పెట్టారనుకున్నాను పెద్దమ్మా. ఎవరూ తినట్లేదు కదా…"

తిట్టాల్సినవన్నీ తిట్టాను. సాయంత్రానికి ఆ పిల్ల అంగడికి పోయి పాలు తెచ్చి, ఉప్పేసి టీ కాచి పట్టుకొచ్చి, నా ముందు పెట్టి తల వంచుకుని కూర్చుంది. ఆ టీ మన నోటికి పడేది కాదు. ఒక గుక్క మింగి, సంగతంతా చెప్పాను. పడవ, కొహెయ్, మూత. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

"మా అమ్మ కూడా అంతే" అంది. "పొద్దున్నే కాచిన టీలో మొదటి గరిటె నేనున్న దిక్కుకి చల్లుతుంది, పాలతో సహా. వెళ్లినవాళ్లు క్షేమంగా తిరిగి రావాలని. ఇప్పుడు జపాను ఎటు ఉందో తెలీక తూర్పంతా తడిపేస్తోందట. కుక్కలు మరిగాయని బాబాయి గోల."

ఆ రోజు నుంచి మాకు కుదిరింది. నేను పళ్లెం పెట్టేటప్పుడు పక్కకి జరిగి కూర్చునేది. ఎండుచేప ముల్లు తియ్యడం రాక నానా తంటాలూ పడేది. చేపల చదువు చదివే పిల్లకి చేపముల్లు నేను తీసిపెట్టేదాన్ని. ఈ సంగతి మీ మాస్టారికి తెలిస్తే డిగ్రీ ఇవ్వరని ఏడిపించేదాన్ని.

మార్చిలో సొలొంగో వాళ్ల అమ్మ పోయింది. గుండె. బాబాయి ఫోను చేసేసరికి అన్నీ అయిపోయాయి. నువ్వు బయల్దేరినా చూసేదేం లేదు, చదువు పూర్తి చేసుకు రా, మీ అమ్మ కోరిక అదే అన్నాడట. ఆ పిల్ల మెట్లు దిగొచ్చి ఆ మాట నాతో చెప్పి, సంచీ తగిలించుకుని క్లాసుకి వెళ్లిపోయింది. కంట చుక్క లేదు. మర్నాడూ లేదు. ఇదేం పిల్లరా, రాయా అనుకున్నాను. అడిగేశాను కూడా.

"ఏడవకూడదు పెద్దమ్మా. మనం ఏడిస్తే ఆ నీళ్లు పోయినవాళ్ల దారికి అడ్డం పడతాయి. దాటలేరు. మా అమ్మకి ఈత రాదు."



జూన్లో వాళ్ల బాబాయి పంపిన పొట్లం వచ్చింది. అమ్మ ఫొటో, అమ్మ పాలు చల్లే చెక్క గరిటె. గరిటె బుర్ర మీద తొమ్మిది చిన్న గుంటలు. దాన్ని మేడ మీదకి తీసుకెళ్లింది. ఆ రాత్రి నిద్రపట్టక పడుకుని ఉంటే పైనుంచి శబ్దం వినిపించింది. దిండులో మొహం దాచుకుని ఏడ్చే శబ్దం నాకు తెలీనిది కాదు.

జూలైలో వీధుల్లో పడవలు కట్టడం మొదలైంది. వెదురు, గడ్డి, కాగితపు లాంతర్లు. సొలొంగో రోజూ యూనివర్సిటీ నుంచి వస్తూ వాటి దగ్గర నిలబడిపోయేది. ఒక సాయంత్రం వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"పెద్దమ్మా, నేను ఏడ్చేశాను."

"తెలుసు."

"నీళ్లు వచ్చేసి ఉంటాయి. అమ్మ ఇవతలే నిలబడిపోయి ఉంటుంది. మీ ఊళ్లో పోయినవాళ్లకి పడవ ఇస్తారు కదా. మా అమ్మకి ఒకటి కట్టుకోనా? చిన్నదే."

ఎంత చిన్న కోరిక! కానీ పడవ మా గుమ్మంలోంచి దిగాలి. మా గుమ్మంలోంచి పడవ దిగితే ఊరు ఏమనుకుంటుందో నాకు తెలుసు. నా కొడుకు బతుకు ఆ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఈ ఇంట్లోంచి పడవ దిగదు" అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

"సరే పెద్దమ్మా" అని లేచి వెళ్లిపోయింది. రెండ్రోజుల తర్వాత మేడగది ఊడుద్దామని వెళ్లాను. మూల గడ్డిచాప పరిచి ఉంది. పడవ కట్టుకోలేనివాళ్లు నైవేద్యాలు చుట్టి పంపే చాప. దాని నడుమ వాళ్ల అమ్మ ఫొటో. చుట్టూ అట్టముక్కలు నిలబెట్టి, అటూ ఇటూ జిగురు కాగితం అంటించి, ఓడ ఆకారం తేవాలని చూసింది పిచ్చిపిల్ల. వాన చినుకు పడితే ముద్దయిపోతుంది అది. ఈత రాని మనిషిని అందులో ఎక్కిస్తారా ఎవరైనా? నా మీద నాకే అసహ్యం వేసింది.

సరాసరి మెట్లు దిగి వడ్రంగి గెంజో కొట్టుకి వెళ్లాను. "ఒక పడవ కావాలి. ఇద్దరు మోసేంత" అన్నాను. గెంజో చెయ్యి ఉలి మీద ఆగిపోయింది. నా మొహంలోకి చూసి, ఒక్క ప్రశ్న వెయ్యకుండా, "మంచిది వదినా, మంచిది. నేను చూసుకుంటాను" అన్నాడు. ఎవరికని అడగలేదేమిటా అని అప్పుడు నాకు తట్టలేదు. అడిగితే చెప్పేదాన్ని.

ఆగస్టు నడుమ, పండగ పొద్దున గెంజో, వాడి తమ్ముడు పడవ మోసుకొచ్చి మా గుమ్మం ముందు దించారు. అందమైన పడవ. లేత వెదురు, తెల్ల లాంతర్లు. ముక్కు మీద నల్లసిరాతో, పడవ ఏ ఇంటిదో ఆ ఇంటిపేరు రాయడం ఆచారం. గెంజో తన చేత్తో పెద్దగా రాశాడు: ఇవనగ. మా ఇంటిపేరు.

"ఏం రాశావయ్యా ఇది?" అనబోయాను. గెంజో అప్పటికే టోపీ తీసి, పడవకి చేతులు జోడించి, కళ్లు మూసుకుని ఉన్నాడు. "కొహెయ్ నా కొట్లోనే మొదటి పడవబొమ్మ చెక్కాడు వదినా" అన్నాడు. డబ్బు మాట ఎత్తకుండా వెళ్లిపోయాడు.

ఆ వెనకే ఒక్కొక్కరూ రావడం మొదలెట్టారు. కొహెయ్‌తో బడికెళ్లినవాడు టపాకాయల పెట్టె తెచ్చాడు. కింద వీధిలో చేపలమ్మే ఆవిడ అగరొత్తులు తెచ్చింది. అందరూ ఎనిమిదేళ్లుగా చేతిలో పట్టుకుని కూర్చున్నట్టు తెచ్చారు. నేను గుమ్మంలో నిలబడి వంగి వంగి దణ్ణాలు పెడుతున్నాను. ప్రతిసారీ చెప్పేద్దామనుకుంటాను, ఇది వాడిది కాదు, వాడు పోలేదు అని. మళ్లీ వంగి ఇంకో దణ్ణం పెడతాను. నా వెనక సొలొంగో అమ్మ ఫొటో గుండెకి హత్తుకుని నిలబడి ఉంది.

చివర్లో ఫుసాయే వచ్చింది. ఇంత ముసలిదైపోయిందేమిటి అనిపించింది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఇన్నాళ్లకి పంపుతున్నావా తొమియే" అంది. "మావాడు ఒక్కడే వెళ్లాడే. చీకటంటే భయం వాడికి. ఏ బొన్‌కి వచ్చినా కొహెయ్ ఏడమ్మా అని అడుగుతున్నట్టే ఉండేది నాకు. ఏం చెప్పను వాడికి?"

ఆవిడ వెళ్లేదాకా తల వంచుకునే ఉన్నాను. అప్పుడు సొలొంగో నా చెయ్యి లాగింది.

"పెద్దమ్మా, నేను వెళ్లి అందరికీ చెప్తాను. ఇది మా అమ్మదని. కొహెయ్ అన్నయ్యది కాదని. మీ పేరు చెరిపేస్తాను."

బకెట్టూ గుడ్డా అప్పటికే తెచ్చుకుంది. నిజంగానే చెరిపేసేది. నేను ఆ పడవని చూశాను. ఆ పిల్ల చేతిలో ఫొటో చూశాను. గుండ్రటి మొహం, గాలికి ముడుచుకున్న కళ్లు. సముద్రం ఎలా ఉంటుందో కూడా తెలీని మనిషి.

"ఉండనీ" అన్నాను. "మీ అమ్మకి ఈత రాదుగా. ఒక్కతే ఎలా వెళ్తుంది? మావాడు పడవ బాగా నడుపుతాడు."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. విన్నాక గాని తెలియలేదు ఏమన్నానో. లోపలికి వెళ్లి, కొహెయ్ పళ్లెం మీంచి వాడి చాప్‌స్టిక్స్ తీసుకుని, ఒకసారి తుడిచి, తెచ్చి, సొలొంగో పడవలో పెట్టిన ఫొటో పక్కన పెట్టాను.

సాయంత్రం కొహెయ్ స్నేహితులు పడవ భుజాలకెత్తుకున్నారు. మెట్లనిండా టపాకాయల పొగ. చెవుల్లో దూది పెట్టుకున్నా గుండెలదరగొట్టే మోత. దొయ్ దొయ్ అంటూ మోసేవాళ్ల కేకలు. ఫుసాయే మా ముందు గంట కొడుతూ నడిచింది. సొలొంగో ఒక చేత్తో పాల డబ్బా, ఒక చేత్తో గరిటె పట్టుకుని నా పక్కనే ఉంది.

రేవులో తవ్వే యంత్రాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒకప్పుడు పడవల్ని నీళ్లలో వదిలేవాళ్లు. ఇప్పుడు రేవు నిండిపోతుందని ఒడ్డునే విరిచేస్తారు. ఈ సంగతి ఆ పిల్లకి చెప్పడం మర్చిపోయాను. ముందు వెళ్లిన పడవ మీద ఇనప పంజా దిగేసరికి కెవ్వుమంది. నేను దాని భుజం పట్టుకున్నాను. మా పడవ దించారు. యంత్రం మీదవాడు టోపీ తీసి చేతులు జోడించాడు. సొలొంగో గరిటెడు పాలు పడవ మీదుగా సముద్రం వైపు చల్లింది. తర్వాత గరిటె నాకిచ్చింది.

"క్షేమంగా తిరిగి రమ్మని కదా చల్లేది?" అన్నాను.

"అవును."

"వాడు రాడు కదే."

అయినా చల్లాను. చేతిమీదంతా పోసుకున్నాను.

"ఇంక వెనక్కి చూడకూడదు పెద్దమ్మా. మా దగ్గర చూడరు" అని నన్ను తిప్పింది. నడిచాం. చెవుల్లో దూది తీసేశాను. వాడి పడవ విరగడం వినకపోతే నేను వాడి అమ్మనేంటి? వెదురు పటపటమంటూ విరిగింది. సొలొంగో పెదవి బిగపట్టి, మెడ నరాలు ఉబ్బి నడుస్తోంది.

"ఏడవ్వే" అన్నాను. "ఇప్పుడు పడవ ఉందిగా. నీళ్లు ఎన్నొస్తే ఏం?"

అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోయింది. చంటిపిల్లలా నోరు తెరిచి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎనిమిదేళ్లు దాచిందంతా ఏడ్చాను. టపాకాయల మోతలో మా ఏడుపు మాకే వినపడలేదు.

మర్నాడు పొద్దున్న అలవాటుగా లేచాను. చేతులు వాటంతటవే అన్నం వార్చాయి, చారు కాచాయి, కొహెయ్ పళ్లెంలో గిన్నె పెట్టి మూత వేశాయి. చాప్‌స్టిక్స్ కోసం తడిమితే లేవు. అప్పుడు తెలిసింది. ఆ పళ్లెం ముందే చతికిలబడ్డాను. లోపల పెట్టనూ లేను, పారబొయ్యనూ లేను.

సొలొంగో మెట్లు దిగింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఇంకో రెండు వారాల్లో దాని చదువు అయిపోతుంది, వెళ్లిపోతుంది. నన్నూ పళ్లేన్నీ చూసి, గుమ్మం దగ్గరే ఆగింది.

"రా" అన్నాను.

వచ్చి కూర్చుంది. గూట్లోంచి తన చాప్‌స్టిక్స్ తెచ్చుకుంది. మూత ఎత్తింది. నా కళ్లు ఆగలేదు, మూత లోపలికే పోయాయి. నిండా చెమట.

వేడి చారు మీద మూత పెడితే చెమట పడుతుంది.

"తిను" అన్నాను. "చల్లారిపోతుంది."