ఒక్క దినానికి ఐదు దినాలు

బోథ్‌లో మల్లక్క ఇంట్లో ఒక లెక్క నడుస్తుంది. దవాఖానలో ఒక్క దినం పడుకున్నవాళ్లు ఇంటికొచ్చి ఐదు దినాలు పడుకోవచ్చు. లెక్క పెట్టింది మల్లక్కే. రోగం పెద్దదైతేనే డాక్టర్లు ఎక్కువ దినాలు ఉంచుకుంటారని ఆమె గట్టి నమ్మకం.

పోయినేడు పెద్ద కోడలు స్వరూపకు అపెండిక్స్ వాచి ఇరవై నాలుగు గంటల నొప్పి వస్తే, ఆమె తమ్ముడు కరీంనగర్‌లో ప్రైవేటు దవాఖానలో ఆపరేషన్ చేయించాడు. ఆరు దినాలు ఉంచారు. ఇంటికొచ్చాక మల్లక్క ఆమెను నెల రోజులు మంచం దిగనివ్వలేదు. ఊరంతా బత్తాయిలు పట్టుకొచ్చి పలకరించిపోయింది. ఆ తర్వాత కూడా ఆరు దినాల మనిషని చేనుకు పంపలేదు.

ఈసారి అదే నొప్పి చిన్న కోడలు శ్యామలకు వచ్చింది, అదీ పత్తి ఏరే రోజుల్లో. రోగానికైనా వేళాపాళా ఉండొద్దూ! ఆదిలాబాద్ సర్కారు దవాఖానలో ఆపరేషన్ అయింది. రెండో దినమే డాక్టరమ్మ వచ్చి చూసింది.

"మంచిగున్నవ్, ఇంటికి పో. నెల దాకా బరువెత్తకు."

శ్యామల అత్త లెక్క వేసుకుంది. రెండైదులు పది. పదకొండో దినం పత్తి మూట.

"మేడం, ఇంకో నాలుగు దినాలు ఉంచుకోరాదుండ్రి?"

"ఎందుకమ్మా? నీకేం ఫికర్ లేదు." డాక్టరమ్మ మల్లక్క వైపు తిరిగింది. "నీ కోడలు గట్టి మనిషి. రెండు దినాలకే కోలుకున్నది."

మల్లక్క మురిసిపోయింది. శ్యామలకు ఏడుపొచ్చింది. మెచ్చుకోలు మనిషిని ఇంతగా ముంచుతుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

నెల దాకా బరువెత్తవద్దన్న మాట అత్త చెవికెక్కలేదు. పదో దినం సాయంత్రం, రేపు చేనుకు పోవాలనగా, శ్యామల ఉండబట్టలేక నోరు జారింది.

"అత్తా, అక్కను ఆరు దినాలు ఉంచింది రోగం ఎక్కువై కాదు. ఇంటికి పంపే డాక్టరు తన బిడ్డ పెండ్లికి పోయిండట. ఆయన వచ్చేదాక ఎవ్వలూ పంపలే. రెండు దినాలకే మంచిగై, కడుమ నాలుగు దినాలు సీరియళ్లు చూసుకుంట కూసున్నదట. అక్కనే చెప్పింది నాకు."

పక్కనే ఉన్న స్వరూప ముఖం మాడిపోయింది. మల్లక్క వేళ్ల మీద లెక్క మొదలుపెట్టింది. దినాలకూ రోగానికీ పొత్తు లేదని అత్తకు ఇప్పుడైనా తెలిసొస్తుందని శ్యామలకు ఆశ పుట్టింది.

"అంటే దానిది గూడ రెండు దినాల రోగమే," అంది మల్లక్క. "పది దినాలు పండాల్సింది ముప్పై దినాలు పన్నది! రేపటి సంది ఇద్దరూ చేనుకు నడువుండ్రి."

తెల్లారి ఇద్దరూ చెరో సాలు పట్టారు. స్వరూప పలకలేదు. పలకకపోవడంలో న్యాయం ఉంది. నమ్మి చెప్పిన మాటను శ్యామల బయటపెట్టింది, దాంతో తనకు ఒరిగిందేమీ లేదు. సిగ్గుతో తల ఎత్తకుండా ఏరింది.

పొద్దుగూకే వేళ మూట ఎత్తబోతే కుట్ల దగ్గర కలుక్కుమంది. స్వరూప గబగబా వచ్చి ఆ మూట లాక్కుని తన నెత్తికెత్తుకుంది.

"అక్కా, నాది తప్పయింది..."

"ఊకో. డాక్టరమ్మ నెల అన్నది గదా, నెల దాకా నేనే మోస్త. అత్తకు మాత్రం నువ్వే మోసినవని చెప్త. గిదన్న కడుపుల దాసుకో."